ఈవీ బ్యాటరీ పాడైంది, కంపెనీ తిప్పుతోంది: వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడం ఎలా?

"బండి కొని ఏడాదిన్నరైంది. మొదట్లో ఫుల్ చార్జింగ్‌కి 90 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 50 దాటితే గొప్ప. సర్వీస్ సెంటర్‌కి నాలుగుసార్లు తిరిగాను. కేసు వేయొచ్చా?" ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న వస్తూనే ఉంది. వేయొచ్చు. స్కూటరైతే ఫీజు కూడా ఉండదు. లాయర్ తప్పనిసరి కాదు. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. బ్యాటరీ పాడైందని మీకు తెలుసు, మెకానిక్‌కీ తెలుసు. కాగితం మీద మాత్రం "చెక్ చేశాం, ఓకే" అని ఉంటుంది, దాని కింద మీ సంతకం ఉంటుంది. ఇలాంటి కేసు సగం నిలిచేదీ వీగేదీ సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గరే. అందుకే కింది అంచెల్లో మొదటి ఏడూ కేసు వేయకముందు చేయాల్సినవి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బండి ఇన్‌వాయిస్, ఆర్సీ, డబ్బు కట్టిన రుజువు (లోన్ అయితే శాంక్షన్ లెటర్, ఈఎంఐ స్టేట్‌మెంట్)
- కొన్న రోజున అమల్లో ఉన్న వారంటీ పాలసీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ కొంటే దాని బిల్లు
- ఛాసిస్ నంబరు, బ్యాటరీ ప్యాక్ సీరియల్ నంబరు (ప్యాక్ మీది స్టిక్కర్ ఫొటో తీయండి, కనబడకపోతే జాబ్‌కార్డులో, అంటే బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు ఫిర్యాదు రాసే కాగితంలో, రాయించుకోండి)
- మొదటి సర్వీసు నుంచి ఇప్పటిదాకా అన్ని జాబ్‌కార్డులు
- కస్టమర్ కేర్‌తో నడిచిన ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు, టికెట్ నంబర్లు
- ప్లగ్‌కీ చార్జర్‌కీ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్. మీ చార్జర్ ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూసి, దాన్ని తట్టుకునేదే కొనండి

1. లోపం పెద్ద బ్యాటరీదేనా? ముందు తేల్చుకోండి

బండి స్టార్ట్ కాలేదు, డిస్‌ప్లే వెలగలేదు అనగానే బ్యాటరీ పోయిందనుకోవద్దు. కార్లలోనూ కొన్ని స్కూటర్లలోనూ లైట్లకీ లాక్‌కీ విడిగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది డౌన్ అయినా బండి మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది. దాని వారంటీ వేరు, సాధారణంగా చాలా తక్కువ. దాన్ని పట్టుకుని "ప్రధాన బ్యాటరీలో తయారీ లోపం" అని కేసు వేస్తే మొదటి వాయిదాలోనే పరువు పోతుంది.

రేంజ్ సంగతీ అంతే. కంపెనీ ప్రకటించే ఐడీసీ రేంజ్ ల్యాబ్‌లో నిర్ణీత పద్ధతిలో తీసిన అంకె. రోడ్డు మీద అంతకంటే తక్కువే వస్తుంది. "130 అన్నారు, 95 వస్తోంది" అన్నది ఒక్కటే చెబితే అది బ్యాటరీ లోపం కిందికి రాదు, మహా అయితే తప్పుదోవ పట్టించే ప్రకటన అన్న వాదన అవుతుంది. మీరు చూపించాల్సింది అదే బండి, అదే దారి, అదే మోడ్‌లో అప్పటికీ ఇప్పటికీ వచ్చిన తేడా. మండుటెండలో తిరిగొచ్చి వెంటనే చార్జింగ్ పెడితే నెమ్మదించడం కూడా లోపం కాదు. వేడి తగ్గేదాకా బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) కావాలనే కరెంటు తగ్గిస్తుంది.

నిజంగా అనుమానించాల్సినవి ఇవి: చార్జింగ్ 38 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా 9కి పడిపోవడం, 20–30 శాతం ఉండగానే బండి ఆగిపోవడం, 100 దాకా ఎక్కకుండా ప్రతిసారీ ఒకేచోట ఆగడం, ప్యాక్ ఉబ్బడం, ఘాటైన వాసన. ప్యాక్‌లో సెల్ గ్రూపులు గొలుసులా వరుసగా ఉంటాయి. ఒక్క గ్రూపు నీరసించినా, ఎత్తు ఎక్కేటప్పుడు దాని వోల్టేజీ ముందే అడుగంటి బీఎంఎస్ మొత్తం సప్లై ఆపేస్తుంది. మిగతా గ్రూపుల్లో చార్జి ఉన్నా లాభం లేదు. అంకె అమాంతం పడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. డిస్‌ప్లే, ఓడోమీటర్ రెండూ కనిపించేలా దాన్ని వీడియో తీయండి. బండి నడుపుతూ మీరే తీయొద్దు, వెనక కూర్చున్నవాళ్లతో తీయించండి.

హెచ్చరిక: ఉబ్బు, వాసన, పొగ కనిపిస్తే పరీక్షలన్నీ బంద్. చార్జింగ్ తీసేసి బండిని ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టండి. పొగ వస్తుంటే బండి జోలికి వెళ్లకుండా మీరు దూరం జరిగి 101కి ఫోన్ చేయండి. లిథియం ప్యాక్ ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది.

2. కెపాసిటీ మీరే కొలవండి

ఈ లెక్క కమిషన్‌లో తుది రుజువు కాదు. కానీ కేసు వేయాలా వద్దా తేల్చుకోవడానికీ, నిపుణుల పరీక్ష కావాలని అడగడానికి ఆధారంగానూ బాగా పనికొస్తుంది.

బండిని 10 శాతం దాకా వాడండి. అరగంట చల్లారనివ్వండి. ఎనర్జీ మీటర్ సున్నా చేసి, మధ్యలో ఆపకుండా 100 దాకా చార్జ్ చేయండి. మీటర్ చూపిన యూనిట్లలో చార్జర్ వేడి కింద పోయేది సుమారు 12 శాతం అనుకుని తీసేయండి. మిగిలినదాన్ని 0.9తో భాగించండి (మీరు నింపింది 90 శాతమే కదా).

ఉదాహరణకి స్పెసిఫికేషన్ ప్రకారం వాడుకోదగ్గ కెపాసిటీ 3 యూనిట్లు (kWh). మీటర్ 2.05 చూపింది. 2.05 × 0.88 = 1.80. దాన్ని 0.9తో భాగిస్తే 2.0. అంటే 3లో 67 శాతం. ఇంతకంటే తగ్గితే మారుస్తామన్న వారంటీ గీత 70 దగ్గర ఉంటే మీ బండి కవర్ అవుతుంది. అదే మీటర్ 2.35 చూపితే లెక్క 77 శాతానికి తేలుతుంది. అప్పుడు కెపాసిటీ తగ్గిందన్న వాదన నిలవదు. బండి మధ్యలో ఆగిపోవడం లాంటి వేరే లోపం ఉంటే దాని మీద నిలబడాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, బ్రోషర్లో ఉన్న మొత్తం కెపాసిటీతో పోల్చడం. వాడుకోదగ్గది అంతకన్నా తక్కువ ఉంటుంది, దానితోనే పోల్చాలి. రెండు, ఒక్కసారి కొలిచి ఊరుకోవడం. తెర మీద కనిపించే శాతం బీఎంఎస్ వేసిన అంచనా మాత్రమే. ముఖ్యంగా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీని చాలారోజులు 100 దాకా నింపకపోతే ఆ అంచనా దారి తప్పుతుంది. రెండు మూడుసార్లు ఫుల్ చేశాక కొలవండి, కనీసం రెండు రీడింగులు తీయండి. లెక్కలు మూడు నాలుగు శాతం అటూ ఇటూ అయితే సరే. పది శాతం తేడా వస్తే మళ్లీ కొలవండి.

3. వారంటీ పాలసీలో ఈ నాలుగూ వెతకండి

కార్ల బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఎక్కువగా కనిపిస్తుంది. స్కూటర్లకు 3 ఏళ్ల నుంచి మొదలై, అదనంగా డబ్బు కడితే పెరుగుతుంది. ఏది ముందైతే అక్కడితో అయిపోతుంది. మీరు చూడాల్సినవి: కెపాసిటీ ఎంత శాతం కంటే తగ్గితే కవర్ అవుతుంది (కొన్ని పాలసీల్లో అసలు ఈ అంకే ఉండదు), మార్చే ప్యాక్ కొత్తదా రిపేరు చేసినదా, మార్చిన ప్యాక్‌కి వారంటీ మళ్లీ మొదటినుంచా మిగిలిన కాలానికేనా, ఏయే కారణాలతో వారంటీ పోతుంది.

చివరిది నిజాయితీగా చదవండి. బండిని సున్నా చార్జ్‌తో వారాలపాటు వదిలేయడం, బయటి చార్జర్ వాడటం, ప్యాక్ సీల్ విప్పించడం, నీటిలో మునగడం చాలా పాలసీల్లో మినహాయింపులు. ప్యాక్ ఎన్నాళ్లు సున్నాలో ఉందో బీఎంఎస్ లాగ్ చెప్పేస్తుంది, దాచడం కుదరదు. ఏం జరిగినా బయటి మెకానిక్‌తో ప్యాక్ విప్పించొద్దు. ఒక్కసారి సీల్ పోయిందంటే కంపెనీకి మీరే జవాబు రాసిచ్చినట్టు.

వెబ్‌సైట్లో ఉన్న పాలసీ మారిపోతుంది. కొన్నప్పటి పీడీఎఫ్ లేకపోతే, ఇన్‌వాయిస్ తేదీ చెప్పి ఆ రోజు అమల్లో ఉన్న పాలసీ పంపమని ఈమెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే ఆ మెయిల్ కూడా రుజువే.

4. జాబ్‌కార్డు: అసలు కేసు ఇక్కడే

కౌంటర్ దగ్గర మీరు అయిదు నిమిషాలు వివరంగా చెబుతారు. అడ్వైజర్ కంప్యూటర్లో కొట్టేది ఇది: "కస్టమర్ కన్సర్న్: లో రేంజ్. జనరల్ చెకప్." రేపు కంపెనీ లాయర్ చూపించేదీ ఇదే. తయారీ లోపమని ఎక్కడుంది, మామూలు సర్వీసుకే వచ్చారు కదా అంటారు.

దాని బదులు ఇలా రాయించండి: "ఓడోమీటర్ 14,220. చార్జింగ్ 38 శాతం నుంచి ఒక్కసారిగా 9కి పడిపోయి బండి ఆగింది, తేదీలు ఫలానా. మూడోసారి ఇదే ఫిర్యాదు, పాత జాబ్‌కార్డుల నంబర్లు ఫలానా. బ్యాటరీ ఆరోగ్య శాతం, ఎర్రర్ కోడ్లు, సెల్ వోల్టేజీల రిపోర్టు ఇవ్వాలని కస్టమర్ కోరారు." సిస్టంలో అంత చోటు లేదంటే ప్రింట్ తీయించుకుని కింద పెన్నుతో రాసి, వాళ్ల సంతకం, స్టాంపు అడగండి. అదీ కాదంటే కౌంటర్ దగ్గర నిలబడే అదే వాక్యం కంపెనీ ఈమెయిల్‌కి, జాబ్‌కార్డు నంబరు వేసి పంపండి. తేదీ, సమయం దానంతటదే నమోదవుతుంది.

బండి తిరిగి తీసుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త. "పూర్తి సంతృప్తితో తీసుకున్నాను" అన్న గడిలో గుడ్డిగా సంతకం పెట్టొద్దు. "సమస్య తీరిందో లేదో వాడి చూడాలి" అని పక్కనే రాసి పెట్టండి. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం" అంటే వెర్షన్ నంబరు రాయించుకోండి. అప్‌డేట్ తర్వాత రేంజ్ అంకె పెరిగి కిలోమీటర్లు మాత్రం పెరగకపోవచ్చు. అంకె చూసి సంబరపడకుండా రెండో అంచెలోని లెక్క మళ్లీ వేయండి.

బండి ఎన్ని రోజులు సర్వీస్ సెంటర్లో ఉందో జాబ్‌కార్డుల్లో ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీల నుంచే లెక్కకు వస్తుంది. పరిహారం అడిగేటప్పుడు ఆ రోజులే మీకు బలం.

5. డేటా చెరిపేయొద్దని రాతపూర్వకంగా అడగండి

బండికి నెట్ ఉంటే సెల్ వోల్టేజీలు, ఉష్ణోగ్రతలు, ఎర్రర్ కోడ్లు కంపెనీ సర్వర్‌కి పోతుంటాయి. చాలామంది ఈ అడుగు వదిలేస్తారు. అందుకే "మా రికార్డు ప్రకారం అంతా మామూలే" అన్న కంపెనీ మాటకు తర్వాత ఎదురు చెప్పలేకపోతారు. ఈమెయిల్‌లో ఛాసిస్ నంబరు, ప్యాక్ సీరియల్ నంబరు వేసి, కొన్న రోజు నుంచి ఉన్న బీఎంఎస్ లాగ్‌ల ప్రతి కావాలని, అవి చెరిగిపోకుండా భద్రపరచాలని రాయండి. ఇవ్వకపోయినా ఫరవాలేదు. పత్రాలు తెప్పించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద కమిషన్‌కి ఉంది. ముందే అడిగారన్న రికార్డు ఉంటే అక్కడ మీ దరఖాస్తుకి పట్టు దొరుకుతుంది.

6. 1915కి ఫిర్యాదు

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, 8800001915కి వాట్సాప్ చేయొచ్చు. వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసిపెట్టుకోండి. కొన్ని కేసులు ఇక్కడే తెగిపోతాయి, కాబట్టి వదలొద్దు. కానీ హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, కంపెనీని బలవంతపెట్టలేదు. కంపెనీ ఏదో జవాబు పెట్టగానే ఫిర్యాదు "పరిష్కృతం" అని మూసుకుపోవచ్చు. మీ సమస్య తీరకపోతే "తీరలేదు" అని ఫీడ్‌బ్యాక్ ఇచ్చి, ఆ తెర స్క్రీన్‌షాట్ తీయండి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీకి నోటీసు ఇచ్చింది ఇలా హెల్ప్‌లైన్‌కి చేరిన 10,644 ఫిర్యాదులను చూసే. ఫిర్యాదుల్లో 99 శాతానికి పైగా పరిష్కరించేశామని ఆ కంపెనీ చెప్పుకొంది. పరిష్కారం అనే మాట ఎవరి నోట వస్తోందన్నది ముఖ్యం.

7. నోటీసు, రెండేళ్ల గడువు

చట్టం నోటీసును తప్పనిసరి చేయలేదు. అయినా ఒకటి పంపండి: తయారీ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకీ, డీలర్‌కీ స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లోనూ. రెండు పేజీలు మించొద్దు. తేదీల వరుస, లోపం, మీరు కోరేది, 15 రోజుల గడువు. తిట్లు వద్దు, "కోటి రూపాయల పరువు నష్టం" వద్దు.

సెక్షన్ 69 ప్రకారం కారణం ఏర్పడిన రోజు నుంచి 2 ఏళ్లలోపు కేసు వేయాలి. నోటీసు పంపినంత మాత్రాన ఈ గడువు పెరగదు. "వచ్చే నెల పార్ట్ వస్తుంది సార్" అంటూ జరిపే మాటలకూ పెరగదు. సమస్య మొదటిసారి రాసిన జాబ్‌కార్డు తేదీ నుంచే లెక్క పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. దాటిపోతే ఆలస్యం మన్నించమని కారణాలతో విడిగా దరఖాస్తు పెట్టొచ్చు, కానీ అది కమిషన్ దయ.

8. ఫిర్యాదు రాయడం

ఎవరి మీద: ఇన్‌వాయిస్ మీద ఏ పేరు, ఏ జీఎస్టీ నంబరు ఉందో చూడండి. తయారీ కంపెనీ, అమ్మిన డీలర్ ఇద్దర్నీ చేర్చండి. కంపెనీ సొంత షోరూంలో కొంటే డీలర్ ఉండకపోవచ్చు. బ్యాటరీని అద్దె పద్ధతిలో తీసుకున్నవాళ్లు ఆ బ్యాటరీకి యజమాని అయిన సంస్థను కూడా చేర్చాలి. లేకపోతే బండి కంపెనీ దాని మీదికి నెట్టేస్తుంది. లోన్ ఇచ్చిన సంస్థని ఊరికే లాగొద్దు. కోపంతో ఈఎంఐ ఆపడం అంతకంటే పెద్ద తప్పు. బ్యాటరీ కేసు నడుస్తుండగానే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది.

మీరు వినియోగదారేనా: వ్యాపారం కోసం కొన్న వస్తువుకి ఈ చట్టం వర్తించదు. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే వాడుకుంటే వర్తిస్తుంది. డెలివరీ పనికి స్కూటర్, సొంతంగా నడుపుకునే ఆటో ఈ మినహాయింపులోకి వస్తాయి. ఆ వాక్యం ఫిర్యాదులో మీరే రాయాలి: "ఈ వాహనాన్ని నేనే నడుపుతూ కుటుంబాన్ని పోషించుకుంటున్నాను." రాయకపోతే అభ్యంతరం మొదటి రోజే వస్తుంది. నాలుగు బళ్లు కొని అద్దెకు తిప్పేవారికి ఈ దారి కష్టం.

షరతుల్లో "వివాదాలు మధ్యవర్తిత్వానికే" అని ఉన్నా భయపడొద్దు. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కేసు ఆగదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఏం కోరాలి: ఇక్కడ ఎక్కువమంది అత్యాశకి పోతారు. "కొత్త బండి ఇవ్వాలి" అని ఒక్కటే అడుగుతారు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో, వారంటీ లోపమున్న భాగాన్ని మార్చడం వరకే ఉన్నప్పుడు మొత్తం బండి మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీలు ఇప్పటికీ ఆ తీర్పునే ముందు పెడతాయి. అందుకే మెట్లు మెట్లుగా అడగండి:

- కొత్త ప్యాక్ (రిపేరు చేసినది కాదు), దానికి పూర్తి వారంటీ
- అది కుదరకపోతే బండి వెనక్కి తీసుకుని, కట్టిన ధర వడ్డీతో సహా వాపసు
- బండి నిలిచిన రోజులకు నష్టం, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు

నష్టం రసీదులతో చూపండి: ఆ రోజుల్లో క్యాబ్ బిల్లులు, డెలివరీ యాప్ ఇచ్చే సంపాదన స్టేట్‌మెంటు, కట్టిన ఈఎంఐలు. వడ్డీ 6 నుంచి 9 శాతం మధ్య వేయడం మామూలు. 24 అడిగితే నష్టమేమీ లేదు గానీ, ఇస్తారని ఆశపెట్టుకోవద్దు.

వీడియోలు, స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ ప్రింట్లు పెడుతుంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి. పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బీకి బదులుగా 2024 జులై 1 నుంచి వచ్చింది ఇదే. నమూనా ఆ చట్టం షెడ్యూల్లోనే ఉంది. అసలు ఫైళ్లున్న ఫోన్ అమ్మేయొద్దు.

9. దాఖలు

2025 జనవరి 1 నుంచి నడుస్తున్న ఈ-జాగృతి పోర్టల్లో ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి వేయొచ్చు. నేరుగా జిల్లా కమిషన్‌కి వెళ్లి ఇచ్చినా తీసుకుంటారు. హైదరాబాద్ లాంటిచోట ఒకటికి మించి జిల్లా కమిషన్లు ఉన్నాయి, మీ ప్రాంతం దేని కిందికి వస్తుందో ముందు అడగండి. వరుస ఇదీ: సూచిక, తేదీల పట్టిక, ఫిర్యాదు, నోటరీ చేయించిన అఫిడవిట్, పత్రాలు పేజీ నంబర్లతో. ఆన్‌లైన్‌లో వేసినా కాగితం సెట్లు అడగొచ్చు. మీకొకటి, కమిషన్‌కీ ప్రతి ఎదుటి పక్షానికీ ఒక్కొక్కటి సిద్ధంగా ఉంచండి.

ఏ కమిషన్, ఎంత ఫీజు అనేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకి కట్టిన ధరను బట్టి. 50 లక్షల వరకూ జిల్లా కమిషనే. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. కాబట్టి పరిహారం పెంచి అడిగితే ఫీజు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు.

స్కాన్లు మసకగా ఉండటం, అఫిడవిట్‌లో తేదీ లేకపోవడం, ఎదుటి పక్షం చిరునామాలో పిన్‌కోడ్ లేకపోవడం. ఫైలు వెనక్కి వచ్చేది చాలాసార్లు ఇలాంటి వాటికే. దాఖలు చేశాక వారానికోసారి పోర్టల్లో స్థితి చూడండి. "లోపం" అని చూపిస్తే సరిచేసే దాకా కేసు నంబరు పడదు.

10. కమిషన్ నోటీసు వెళ్లాక ఏం జరుగుతుంది, మీరేం చేయాలి

ఫిర్యాదు ప్రతితో నోటీసు అందిన 30 రోజుల్లో ఎదుటి పక్షం జవాబు వేయాలి. కమిషన్ మరో 15 రోజులు ఇవ్వగలదు, అంతే. 45 దాటాక తీసుకునే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నోటీసు అందిన తేదీని పోస్టల్ ట్రాకింగ్‌లో చూసి ప్రింట్ తీసి పెట్టుకోండి. 46వ రోజున జవాబు వస్తే అభ్యంతరం చెప్పాల్సింది మీరే.

తర్వాత వచ్చే ప్రశ్న ఒక్కటే: నిపుణుల రిపోర్టు ఏదీ? పరీక్ష లేకుండా తేలని లోపమైతే సెక్షన్ 38(2)(సి) కింద తగిన ల్యాబ్‌కి పంపమని దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, ఫీజు మీరే డిపాజిట్ చేయాలి. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు వాహన బ్యాటరీల పరీక్షలు చేస్తాయి. ప్యాక్ బరువైనది, రవాణాలో ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఇంకో దారి కూడా అడగొచ్చు: దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ నుంచి నిపుణుణ్ని నియమించి, ఇద్దరి సమక్షంలో సర్వీస్ సెంటర్లోనే కెపాసిటీ పరీక్ష, బీఎంఎస్ డౌన్‌లోడ్ చేయించమని. ఆ రోజు మీరు తప్పక ఉండండి. ప్యాక్ సీరియల్ నంబరు మీ ఫొటోలో ఉన్నదేనా అన్నది మొదట చూడండి. మధ్యలో మారిపోతే పరీక్షంతా వృథా.

పరీక్ష అవసరం లేని కేసులు 3 నెలల్లో, ఉన్నవి 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది, మనసు ముందే సిద్ధం చేసుకోండి. మధ్యలో రాజీకి పంపితే కొట్టిపారేయొద్దు. ఒప్పందంలో మాత్రం ప్యాక్ సీరియల్ నంబరు, ఇచ్చే తేదీ, కొత్త వారంటీ ఎప్పటిదాకా అన్నవి మూడూ రాసి ఉండాలి.

బండి కాలిపోతే

దారి కొంచెం మారుతుంది. బ్యాటరీ పాడవడం ఒక ఎత్తు, దానివల్ల ఒళ్లు కాలడం, ఇల్లు తగలబడటం వేరే ఎత్తు. చట్టంలో రెండోది ప్రొడక్ట్ లయబిలిటీ, సెక్షన్ 82 నుంచి 87 దాకా. సెక్షన్ 2(22) ప్రకారం ఆ లెక్కలో వస్తువుకే జరిగిన నష్టం రాదు. కాబట్టి బండి ధర కోసం లోపం కింద, గాయాలకీ ఇంటికీ ప్రొడక్ట్ లయబిలిటీ కింద, రెండూ ఒకే ఫిర్యాదులో విడివిడిగా రాయండి. వస్తువును మార్చారనీ తప్పుగా వాడారనీ సెక్షన్ 87 కింద కంపెనీ అనొచ్చు. బయటి చార్జర్ వాడలేదని చూపడానికి కాలిన చార్జర్ ముక్కలు కూడా దాచండి. ఫైర్ స్టేషన్ రిపోర్టు, పోలీసు ఫిర్యాదు, బీమా సర్వేయర్ రిపోర్టు తీసుకోండి. "పరిశీలనకి" అంటూ కంపెనీ మనుషులు బండి ఎత్తుకుపోతామంటే, ఫొటోలు తీసి, ఏమేం తీసుకెళ్తున్నారో సంతకాలతో రాసుకోనిదే ఇవ్వొద్దు.

ఒకే మోడల్, ఒకే బాధ ఉన్నవాళ్లు చాలామంది ఉంటే

కమిషన్ అనుమతితో సెక్షన్ 35(1)(సి) కింద అందరి తరఫున కొందరు వేయొచ్చు. కానీ అందరి ప్రయోజనం ఒకటేనని చూపాలి. ఒకరికి రేంజ్ తగ్గడం, ఒకరికి చార్జర్ కాలిపోవడం అయితే కుదరదు. అలాంటప్పుడు ఎవరి కేసు వారు వేసుకుని, ఒకరి జాబ్‌కార్డులు ఇంకొకరు పత్రాలుగా పెట్టుకోవడం మేలు. లోపం మోడల్ మొత్తంలో ఉందనిపిస్తే రీకాల్ (ఆ బళ్లన్నీ కంపెనీ వెనక్కి పిలిపించడం) కోసం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 110ఎ కింద రవాణా శాఖ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. అది మీ వ్యక్తిగత పరిహారానికి బదులు కాదు.

11. గెలిచాక

తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అందులో ఎన్ని రోజుల్లో అమలు చేయమన్నారో చూడండి. అప్పీలుకి 45 రోజులు. డబ్బు కట్టమన్న తీర్పు మీద కంపెనీ అప్పీలుకి వెళ్లాలంటే అందులో సగం ముందే డిపాజిట్ చేయాలి. స్టే తేకుండా, అమలూ చేయకుండా కూర్చుంటే సెక్షన్ 71 కింద అమలు పిటిషన్ వేయండి. సెక్షన్ 72 కింద నెల నుంచి 3 ఏళ్ల జైలు, 25,000 నుంచి లక్ష దాకా జరిమానా ఉన్నాయి. ఆ నోటీసు డైరెక్టర్ల పేరు మీద వెళ్తే ఫైలు వేగంగా కదులుతుంది.

కొత్త ప్యాక్ ఇస్తే తీసుకునే రోజే సీరియల్ నంబరు, తయారీ నెల ఫొటో తీయండి. పాతదే పాలిష్ కొట్టి ఇస్తే అక్కడ తెలుస్తుంది. తీర్పు పాటించినట్టు రాసివ్వమని అడుగుతారు. అప్పుడే ఇవ్వకండి. పది రోజులు వాడి, ఎనర్జీ మీటర్‌తో రెండుసార్లు కొలిచి, స్పెసిఫికేషన్లో ఉన్న వాడుకోదగ్గ కెపాసిటీకి దగ్గరగా వచ్చాకే సంతకం పెట్టండి.